కొక్కెం

మిర్యాలగూడ బైపాసు మీద
మోటారు వైండింగు దుకాణం పైన నా గది.
కింద రాగి తీగ చుట్టుకుంటది,
పైన నేను కోడు రాస్తుంట.
ఇద్దరం మొక్కేది కరెంటుకే.

వానాకాలం వడ్లు దిగే నెల.
టోకెన్ల యాపు వెనకాల సర్వరు నాది.
రైతు ఫోన్ల బొత్తాం నొక్కితే
ఒక రిక్వెస్టు బయలెల్లుతది
బస్తాలెక్కిన ట్రాక్టరు లెక్క
మెల్లగ, ఊగుకుంట.

దాని తొవ్వల గేట్లు కట్టిన.
మొదటి హుక్కు అడుగుతది: ఎవలు నువ్వు, పాసుబుక్కు నంబరేంది?
రెండోది తేమ చూస్తది,
పదిహేడు దాటితే ఎండబోసుకొని రమ్మంటది.
మూడోది కాంటా.
పుస్తకాలల్ల దీన్ని మిడిల్‌వేర్ అంటరు.
యార్డుల నడిమోడంటే వేరే అర్థం,
చెప్తే నవ్విన్రు.

ప్రతి గేటు కాడ ఆఖరుకు
ఒక చిన్న మాట రాయాలె: నెక్స్ట్.
ఇగ నువ్వు పో, అని.

దీపావళి ఎల్లిన తెల్లారి
తేమ హుక్కుల ఆ మాట మర్చిపోయిన.
ఎర్రక్షరాల తప్పు పడితే తెలుస్తుండె.
పడలే.
రమ్మన్లే, వద్దన్లే,
ఫోన్ల తెర మీద తెల్ల చక్రం తిరుగుకుంటనే ఉన్నది.
నూట పన్నెండు ట్రాక్టర్లు
నా ఒక్క మాట కోసం రోడ్డు మీద ఆగినయ్.
ఇంజన్లు బందువెట్టి బీడీలు ముట్టిచ్చిన్రు,
ఎవలో మూడు రాళ్ళు పెట్టి ఛాయ్ గూడ కాసిన్రు.
దామరచర్ల దిక్కు తండా నుంచి వచ్చిన
హర్జ్యా ఫోన్ చేసిండు:
"మేడం, కాదంటే ఇంటికన్న పోతం.
మీ కంప్యూటర్ అలిగినట్టు ఊకున్నదేంది?"

పోయిన తొవ్వనే మల్లొస్తది రసీదు,
ఉల్టాగ.
ఆఖరుకు చూసిన గేటే ముందుగాల చూస్తది.
గీ ముచ్చట సోమలింగం సేటుకు
ఛాయ్ తాగుకుంట నేనే చెప్పిన.
చెప్పకపోదును.

మూడొద్దులకు మెట్లెక్కి వచ్చిండు.
ఫ్యాను కింద కూసొని కండువ తీసి తుడుసుకొని
"యాదేశ్వరమ్మా,
కాంటకూ రసీదుకూ నడుమ ఇంకో హుక్కు పెట్టు.
బస్తాకు కిలోన్నర తరుగు.
ఎవలకు కనపడొద్దు."
హుక్కు అన్న మాట
ఎంత బాగ పలికిండో.

మూడు లైన్ల పని.
రాదని అబద్ధమాడుదామంటే
వేళ్ళు అప్పటికే రాసుకున్నయ్ గాలిల.

కిటికిల నుంచి మిల్లు దొడ్డి కనపడుతది.
హమాలి మల్సూరు చేతిల కొక్కెం,
పట్టి పట్టి పిడి కాడ నల్లగ మెరుస్తది.
బస్తాకు గుచ్చి లేపితే
గోనెకు రెండు కండ్లు పడుతయ్,
నాలుగు గింజలు రాలుతయ్.
వంగడు, నడుము పోయింది.
కాలి బొటనవేలుతోని
ఆ నాలుగింటిని కుప్పలకు జరుపుతడు.
ఎవ్వలు చూస్తలేరు అప్పుడు.
నేను చూసిన, అంతే.

రాత్రి రెండింటిదాక కరెంటున్నది.
అన్ని గేట్లకు ఇవుతల
ఒక హుక్కు రాసిన.
పోయేటప్పటి తూకం యాదివెట్టుకుంటది,
వచ్చేటప్పటి తూకం పక్కన పెడుతది.
ఎవలన్న కోసుకుంటే కోసుకోనీ,
ఆపదు, కొట్లాడదు.
రసీదు కింద ఒక్క లైను అచ్చేస్తది:
కాంట మీద నలభై కిలోల ఆరు వందలు.
చేతికొచ్చింది ముప్పై తొమ్మిదిన్నొక వంద.
తేడా కిలోన్నర.
కోసిన గేటు పేరు.

సేటు అడిగిన మూడు లైన్లు గూడ రాసిన,
అడిగినట్టే,
పేరు గూడ ఆయన పేరే పెట్టిన గేటుకు.
భయమైంది. నీళ్ళు తాగిన.
మల్లొకసారి కిందికెల్లి పైదాక చదివి
ప్రతి గేటు కాడ ఆ చిన్న మాట ఉన్నదా అని
వేలు పెట్టి చూసుకున్న.

పొద్దుగాల ఆరింటికి మొదటి ట్రాక్టరు.
కింద ఎవరో మోటరు బిగిచ్చి చూస్తున్నరు,
గదంత సన్నగ అదురుతున్నది.
ఇగ నువ్వు పో, అన్న.

ఎనిమిదిన్నరకు
మెట్ల మీద కిర్రుచెప్పులు.